నలభై ఎనిమిది గంటల గీత

రాయపూర్ ఉత్తరపు అంచున ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలున్నాయి. స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు రేయింబవళ్లు నడిచే ప్రాంతమది. పడమరగా సుమారు ముప్పై కిలోమీటర్లు వెళితే భిలాయ్ ఉక్కు కర్మాగారం. దేశానికి ఉక్కునిచ్చే ఈ నేలపై ఏటా ఎందరు కార్మికులు గాయపడుతున్నారు? ప్రశ్న సులువైనదే. జవాబు మాత్రం దేనిని గాయంగా లెక్కించాలో చట్టం ఎక్కడ గీత గీసిందన్నదానిపై ఆధారపడుతుంది. ఆ గీత చరిత్ర రాజకీయ చరిత్రే.

1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం, యంత్రశక్తితో నడుస్తూ కనీసం 100 మంది పనిచేసే కర్మాగారాలకే వర్తించింది. ప్రమాదం జరిగితే అధికారులకు తెలియజేయాలన్న నియమం అప్పటిదే. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1948 చట్టంలోని 88వ సెక్షన్ ఆ బాధ్యతను స్పష్టపరిచింది. కార్మికుడు మరణించినా, గాయం వల్ల 48 గంటలు లేదా అంతకు మించి పనిచేయలేకపోయినా మేనేజరు నోటీసు పంపాలి. మరణమైతే నెలలోగా విచారణ జరగాలని ఆ చట్టం నిర్దేశించింది. దెబ్బ తిన్నవాడు రెండు రోజుల లోపే పనిలోకి దిగితే, సాధారణంగా ఆ దెబ్బ ప్రభుత్వ దృష్టికే రాదు.

ఈ గీత మీదనే భద్రతా గణితం నిలబడింది. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3786 ప్రకారం పది లక్షల పనిగంటలకు ఎన్ని గాయాలన్నది ఫ్రీక్వెన్సీ రేటు. అన్నే గంటలకు ఎన్ని పనిదినాలు నష్టమన్నది తీవ్రత రేటు. ఒక మరణాన్ని 6,000 పనిదినాల నష్టంగా కడతారు. ఏడాదికి 300 రోజుల చొప్పున ఇరవై ఏళ్ల పనిజీవితమన్నమాట.

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. వెయ్యి మంది రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు పనిచేస్తే 24 లక్షల పనిగంటలు. ఆరు గాయాలైతే రేటు 2.5. వారిలో నలుగురిని మర్నాడే పిలిపించి, కట్టుతోనే ‘తేలికపాటి పని’లో కూర్చోబెడితే రేటు 0.83కి దిగుతుంది. ఒక్క యంత్రానికైనా కొత్తగా కంచె వేయకుండానే భద్రత మూడింతలు మెరుగుపడినట్టు కాగితం చెబుతుంది. అధికారుల పదోన్నతికి, సంస్థల బహుమతులకు ఈ అంకెనే గీటురాయి చేస్తే, గాయాన్ని ఆపడం కంటే దాచడమే చౌక అవుతుంది.

ఉన్నదున్నట్టు లెక్కించినా ఈ అంకె చెప్పలేనిది మరొకటుంది. భిలాయ్‌లో 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబర్ 9న అక్కడే కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం వద్ద మరమ్మతు వేళ చెలరేగిన మంటలు పది మందికి పైగా ప్రాణాలు తీశాయి. నలిగిన వేళ్ల లెక్క గ్యాసు గొట్టం స్థితిని చెప్పదు. దానికి తనిఖీలు కావాలి, వాయిదా పడిన మరమ్మతుల పట్టిక కావాలి.

ఇక లెక్కలోకే రానివారి సంగతి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారూ కార్మికులేనని 1976 సవరణ ఫ్యాక్టరీల చట్టంలోనే చేర్చింది. అయినా హాజరు పట్టీలో పేరు లేనివాడి గాయానికి సాక్ష్యం ఉండదు. 1990 దశకారంభంలో శంకర్ గుహా నియోగి నాయకత్వాన భిలాయ్ ప్రాంతపు కాంట్రాక్టు కార్మికులు చేసిన పోరాటాన్ని వేతన పోరాటంగానే గుర్తుపెట్టుకున్నాం. నిజానికి ఉద్యోగిగా గుర్తింపు పొందడమంటే గాయపడినప్పుడు లెక్కలోకి రావడం కూడా. 1991 సెప్టెంబర్ 28న నియోగిని కాల్చి చంపారు.

ఇది ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. 2025 జూన్ 30న మన పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడుకు 50 మందికి పైగా బలయ్యారు. వారిలో పలువురు పరరాష్ట్రాల వలస కార్మికులు. పేలుడు వేళ లోపల ఎందరున్నారన్నది తేలడానికే రోజులు పట్టింది.

2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ 48 గంటల గీతను యథాతథంగా ఉంచింది. విద్యుత్తుతో నడిచే ‘ఫ్యాక్టరీ’ నిర్వచనాన్ని మాత్రం పది మంది నుంచి ఇరవై మందికి పెంచింది. నూట నలభై ఏళ్లకు పైగా సాగిన చరిత్రలో లెక్క పరిధి విస్తరించిన ప్రతిసారీ దాని వెనుక కార్మికుల ఒత్తిడి ఉంది. ఇప్పుడు అడగవలసినది కూడా అలాంటిదే: ప్రతి కర్మాగారపు గాయాల వివరాలు బహిరంగం కావాలి, పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికులకు విడివిడిగా, వాటిని ఈఎస్ఐ, ఆసుపత్రి రికార్డులతో సరిచూడాలి. యాజమాన్యం తానే రాసి, తానే దిద్దుకునే పరీక్షాపత్రంలో వచ్చిన మార్కులను భద్రత అని ప్రభుత్వాలు నమ్మడం ఇక చాలించాలి.