తల్లిచెట్టుకు దూరంగా

మేముండేది జల్లాఖ్‌లో. దగ్గర్లోనే అల్ అరీన్ వన్యప్రాణి ఉద్యానం ఉంది. మొన్న అక్కడ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మారేడుమిల్లిలో అన్ని రకాల చెట్లున్నాయే, ఇక్కడెందుకు లేవు?"

ఇక్కడ వాన లేదు, సరే. కానీ వాన పడేచోట మాత్రం బలమైన చెట్టొకటి అడవంతా ఎందుకు ఆక్రమించదు? ఉష్ణమండల అడవుల్లో ఒక చెట్టును చూసి, అదే జాతిది మరొకటి చుట్టుపక్కల వెతికితే దొరకడం కష్టమని వాలెస్ 1878లోనే రాశారు.

1970లో డేనియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ ఎవరికి వారే ఒక కారణం చెప్పారు. తల్లిచెట్టు చుట్టూ దాని పురుగులూ, తెగుళ్లూ పోగవుతాయి. కిందే రాలిన గింజలు చాలావరకు వాటికి బలైపోతాయి. దూరంగా పక్షి మోసుకెళ్లిన గింజకు బతికే అవకాశం ఎక్కువ. ఆ ఖాళీలో వేరే జాతి లేస్తుంది. బెలీజ్ అడవిలో శిలీంధ్రాలను చంపే మందు కొడితే మొలకల్లో రకాలు తగ్గాయని 2014లో తేలింది.

పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్లలో సుమారు 300 జాతుల చెట్లను సహచరులతో కలిసి లెక్కపెట్టిన స్టీఫెన్ హబ్బెల్ 2001లో ఇంకో మాటన్నారు. జాతులన్నీ సమానమే అనుకోండి, ఏ ఖాళీలో ఏది మొలుస్తుందన్నది అదృష్టం. ఈ వాదన ఇంకా తెగలేదు.

ఇదంతా ఫోన్లో మా నాన్నగారికి చెప్పాను. కాసేపాగి, "అయితే నువ్వు దూరంగా పడటమే మంచిదైందంటావా?" అన్నారు.

"అదృష్టం నాన్నా" అన్నాను. జాన్‌జెన్ మాట చెప్పడానికి నోరు రాలేదు.