తుపాకి తుడిచిన చేతులు

చీర కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. కుక్కరు కొనాలంటే ఎదురింటావిడని సలహా అడుగుతాం, పక్కింటావిడ పెదవి విరిస్తే మానేస్తాం. మరి తుపాకి కొనాలంటే? మనకెందుకమ్మా ఆ గొడవ అంటారు కదూ! నిజమే. కానీ నవల రాద్దామని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చరిత్ర చదవడం మొదలుపెట్టాక, ఏ పేజీ తిప్పినా ఓ తుపాకి గోడకి ఆనించి కనిపించింది. కాస్త పరకాయించి చూస్తే దాని పక్కనే ఓ ఆడమనిషి కూడా కనిపించింది. అందుకని ఈ వారం కబుర్లు తుపాకి గురించే.

ముందు ఎంపిక. వేట తుపాకుల్లో ప్రధానంగా రెండు జాతులు. గొట్టం లోపల నున్నగా వుండేది ఒకటి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు వుండేది రెండోది. దాన్నే రైఫిల్ అంటారు. గాడుల వెంట వచ్చిన గుండు బొంగరంలా తిరుగుతూ వెళుతుంది. తిరిగే బొంగరం నిలకడగా నిలబడుతుంది కదా, అలాగే ఆ గుండు కూడా చాలా దూరం తిన్నగా పోతుంది. నున్నటి గొట్టానికి అంత గురి లేదు. దగ్గర్లో వున్న పిట్టనో కుందేలునో కొట్టడానికి అది చాలు.

మగవాళ్ళు గొప్పగా చెప్పుకునే 'పన్నెండు బోరు' అంటే ఏమిటో తెలుసా? ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను బరువన్నమాట. అంటే సుమారు 454 గ్రాములు. లడ్డూలు తూచే లెక్కే! కిలోకి ఎక్కువ తూగితే లడ్డూ చిన్నదైనట్టు, బోరు సంఖ్య పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

ఎంచుకున్న తుపాకిని మనిషికి అమర్చుకోవాలి. ఇది జాకెట్టు కుట్టించుకోవడం లాంటిదే. మోచేతి మడత నుంచి చూపుడువేలు దాకా వున్న పొడవును బట్టి కర్రమడమ వుండాలి. పొడవైతే చంకలో చిక్కుకుంటుంది. పొట్టిదైతే పేలినప్పుడు వెనక్కి తన్ని దవడ వాచిపోతుంది. ఆ తర్వాత గురి సరిచూడాలి. కొలిచిన దూరంలో గుర్తు పెట్టి మూడుసార్లు పేల్చి చూస్తారు. మూడూ ఒకే చోట కుడివైపుకి పడితే తప్పు చేతిది కాదు, గురికట్టుది. వెనక గురికట్టుని కాస్త ఎడమకి జరుపుతారు. మూడూ మూడు చోట్ల పడితే? అప్పుడు మాత్రం తుపాకిని అనకండి, మనిషిని అనండి!

1907లో కుమావూఁలోని చంపావత్ దగ్గర నరభక్షకి అయిన పెద్దపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కి ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు పాయింట్ 275 రిగ్బీ రైఫిల్ బహూకరించాడు. అలాంటి రైఫిళ్ళు దొరలకీ, నవాబులకీ, జమీందార్లకీ. మన పల్లెటూళ్ళలో వున్నది భర్మారు. పేరులోనే దాని పద్ధతంతా వుంది. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. మూతి నుంచి మందు పోసి, గుడ్డ కుక్కి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, వెనకవైపు రాగి టోపీ తగిలించి పేల్చాలి. మళ్ళీ పేల్చాలంటే మళ్ళీ ఇదంతా మొదటినుంచీ. ఈలోగా అడవిపంది మీ చేను దాటి పక్కూరు చేరుతుంది.

మా అత్తగారిది కోదాడ వైపు పల్లె. వాళ్ళ పుట్టింట్లో పంట కాపలాకి ఓ భర్మారు వుండేదట.

"పేల్చేది మా నాయిన. కడిగేది మా అమ్మ" అందావిడ ఓ రోజు బియ్యం చెరుగుతూ.

"కడగడమేమిటత్తమ్మా, తుపాకిని?" అన్నాను.

"కడగకుంటెట్ల బిడ్డా? కాగిన నీళ్ళు పొయ్యాలె, గుడ్డతోని లోపలంత తుడవాలె, ఎండకు పెట్టి నూనె రాయాలె. నిప్పు మింగినదానికి నీళ్ళు తాపకుంటే తెల్లారేసరికి తుప్పు పడ్తది."

ఎంత శాస్త్రం వుందో చూడండి ఆ మాటలో! నల్లమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిసింది. అది కాలాక గొట్టంలో మిగిలే మసిలో లవణాలుంటాయి. అవి ఉప్పుజాడీలో ఉప్పులాగే గాలిలోని తేమని లాగేసుకుంటాయి. ఆ తేమ ఇనుముని తినేస్తుంది. నూనె ఒక్కటీ రాస్తే లవణం పోదు, నీళ్ళకే కరుగుతుంది. వేడినీళ్ళయితే ఇనుము కూడా వేడెక్కి త్వరగా ఆరుతుంది. ఆ తరవాతే నూనె. దోసె పెనాన్ని కడిగి ఆరబెట్టి నూనె రాసి పెట్టే మనకి ఇది కొత్త పాఠమా? పేల్చినవాడి పేరు వూరంతా చెప్పుకుంటుంది. కడిగినావిడ సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక అసలు కథ. ఈ మూడు వూళ్ళూ నిజాం రాజ్యంలో నల్గొండ జిల్లావి. కోదాడ పక్కనే వున్న మునగాల పరగణా మాత్రం నిజాం నేల మధ్యలో దీవిలాగా బ్రిటిషువారి కృష్ణా జిల్లాలో వుండేది. పొలిమేర దాటితే చట్టం మారిపోయేదన్నమాట. చట్టం ఏదైనా, మంచి తుపాకి వుండేది గడీలోనే. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతికింద లక్షా యాభై వేల ఎకరాలు వుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమిని ఒక మనిషి ఎలా కాపాడుకుంటాడు? భయంతో. దొర ప్రయాణమైతే మోసేదీ, బండి ముందు పరిగెత్తేదీ వెట్టివాళ్ళే. దొర గోడకి వేలాడే తుపాకి జింకకి ఎంత భయమో వాళ్ళకీ అంతే భయం. 1946 జులై 4న, అప్పటి నల్గొండ జిల్లాలోని కడవెండిలో విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు.

జనం చేతిలో అప్పుడేమున్నాయి? కర్రలూ, వడిసెలలూ. ఆడవాళ్ళ దగ్గర రోకళ్ళూ, కారంపొడీ. పిట్టల్ని తోలడానికి జొన్నచేలో తిప్పే వడిసెలే పోరాటంలో మొదటి ఆయుధమైంది. 1947 సెప్టెంబరు తరవాత సాయుధపోరాటం సాగినకొద్దీ తుపాకులు చేతులు మారాయి. గడీల్లోంచి తీసుకున్నవి కొన్ని, నిజాం సుంకం నాకాల మీద పడి తెచ్చుకున్నవి కొన్ని, భర్మార్లు కొన్ని. మనం ఇందాక చెప్పుకున్న ఎంపికలూ, కొలతలూ ఇక్కడ చెల్లవు. దొరికిందే తుపాకి. అవతలివాళ్ళ చేతిలో పది తూటాల పాయింట్ 303 రైఫిలు. ఇవతల పేల్చిన ప్రతిసారీ గుడ్డ కుక్కాల్సిన భర్మారు. ఆ తేడాని వూహించుకుంటే గుండె గుభేలుమంటుంది.

తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఇరవై నిండకుండానే ఆ తుపాకి పట్టింది. అదీ పేదింట్లో పుట్టి కాదు, భూములున్న ఇంట్లో పుట్టి. ఆమె తలకి పదివేల రూపాయల వెల కట్టారు. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి దళాలకి నాయకుడు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి బయలుదేరి ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. ఆ తరవాత సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చేసినా లాభం లేకపోయింది. నిజాం కథ అయిదు రోజుల్లో ముగిసింది. దళాల కథ ముగియలేదు. భూమి తిరిగి దొరలపాలవుతుందన్న భయంతో తుపాకులు దించలేదు. అక్కణ్ణించి పోరు భారత సైన్యంతోనే. ఇటు తెలుగువాళ్ళే, అటువైపూ మనవాళ్ళే. చివరికి 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. ఆ మూడేళ్ళూ నడపడం సబబా కాదా అని ఆ పార్టీలోనే వాదనలు తెగలేదు. నేను తీర్పు చెప్పను.

నాకు పట్టుకున్న ప్రశ్న వేరు. తుపాకులు దించాక ఆ ఆడవాళ్ళు ఏమయ్యారు? మగవాళ్ళు ఎన్నికల్లోకి వెళ్ళారు. నరసింహారెడ్డి మిర్యాలగూడ నుంచి 1971, 1984, 1991లలో లోక్‌సభకి గెలిచాడు. స్వరాజ్యం కూడా 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకి వెళ్ళింది. కానీ అందరూ స్వరాజ్యాలు కారుగా! ఎంతోమందికి 'ఇక ఇంటికి పొండి' అన్న మాటే మిగిలింది. అడవిలో రాత్రిళ్ళు కాపలా కాసినామె, సంచిలో తూటాలు దాచినామె, మళ్ళీ పొయ్యిముందుకి. వాళ్ళలో కొందరి మాటలు 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకం తెచ్చేదాకా అచ్చుకెక్కలేదు. పోరాటం ఆగిన ముప్ఫై అయిదేళ్ళకి!

ఇప్పుడు వేట తుపాకి కథ కూడా కంచికి చేరింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకికి లైసెన్సు వుండాల్సిందే. 1972 వన్యప్రాణి చట్టం వేటని కట్టడి చేసింది. 1991 సవరణతో సరదా వేట పూర్తిగా పోయింది. మంచిదే. జింకలకీ బతకాలని వుంటుంది.

స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూసింది. అంతకు మూడేళ్ళ ముందు వచ్చిన ఆమె ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. తుపాకి ఎప్పుడో అప్పజెప్పేసినా, మాట మాత్రం తొంభై యేళ్ళ వయసు దాకా తుప్పు పట్టనివ్వలేదావిడ. మీ ఇళ్ళలోనూ, మీ వూళ్ళలోనూ అలాంటి ముసలమ్మలు ఇంకా ఒకరిద్దరుండొచ్చు. వాళ్ళని "అప్పుడు ఎవర్ని కాల్చారు?" అని అడగకండి. ఆ ప్రశ్న మగవాళ్ళు చాలాసార్లు అడిగేశారు. "ఆ తుపాకిని ఎవరు కడిగేవారు, ఎక్కడ దాచేవారు?" అని అడిగి చూడండి. కాఫీ చల్లారిపోతుంది గానీ కథ ఆగదు.