తూములో దాగిన లెక్క: పిల్లలకు ఐరోపా వెలుపలి గణిత చరిత్ర



మీలో చాలామంది రేపు ఉపాధ్యాయులవుతారు. గుడివాడలోనో బందరులోనో తొమ్మిదో తరగతి పిల్లలను "గణితాన్ని ఎవరు నిర్మించారు?" అని అడిగి చూడండి. పైథాగరస్, యూక్లిడ్, న్యూటన్ పేర్లు వెంటనే వస్తాయి. మనవైపు నుంచి ఆర్యభటుడు, రామానుజన్ వస్తారు. ధాన్యం కొలిచేవారికి, ఊరి లెక్కలు రాసే కరణాలకు కూడా ఒక గణితం ఉండేదన్న సంగతి వారికి తట్టదు. దానిని ఎలా బోధించాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. నాలుగు మీద నడిచిన లెక్క

పాత ధాన్యపు కొలతలను గమనించండి. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. భిన్నాల పేర్లూ ఇదే వరుసలో ఉన్నాయి. నాలుగో వంతు కాలు, పదహారో వంతు వీసం, అరవై నాలుగో వంతు కాని. తూమును ఒకటిగా తీసుకుంటే కుంచం కాలు, మానిక వీసం, సోల కాని అవుతాయి.

వీటికి ప్రత్యేక గుర్తులుండేవి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముక్కాలుకు మూడు. వీసాలకు అడ్డగీతలు. ఆ తరువాతి స్థానానికి మళ్ళీ నిలువు గీతలు. నిలువు గీత పక్కన అడ్డగీత ఉంటే కాలూ వీసమూ, అంటే 5/16. కాలు స్థానం ఖాళీ అయితే అక్కడ హళ్ళి రాసేవారు. "సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి" అనే మాటలో అది ఇంకా బతికే ఉంది. రూపాయికి 16 అణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసమే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆపై మెట్రిక్ కొలతలు వచ్చాయి. దానితో ఈ లెక్క అవసరం తీరిపోయింది. ఆ గుర్తులు మాత్రం 2008లో యూనికోడ్‌లో చేరాయి.

2. ప్రపంచంలో దీని స్థానం

బాబిలోనియన్లు భిన్నాలను 60 ఆధారంగా రాశారు. పదుల ఆధారంగా రాయడం 10వ శతాబ్దిలో డమాస్కస్‌కు చెందిన అల్ ఉక్లీదిసీ గ్రంథంలో కనిపిస్తుంది. ఐరోపాలో దానికి ప్రచారం తెచ్చినది 1585లో స్టెవిన్ పుస్తకం. కాబట్టి పది ఒక్కటే సహజమైన ఆధారం కాదు. ఏ సమాజమైనా తన పనికి అనువైన ఆధారాన్ని ఎంచుకుంటుంది. కుంచాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం సులువు, పది భాగాలు చేయడం కష్టం.

3. ఒక జాగ్రత్త

"అంతా ఐరోపాదే" అనడం ఎంత పొరపాటో, "అంతా మనదే" అనడమూ అంతే పొరపాటు. పావులూరి మల్లన సారసంగ్రహ గణితాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. ఆయన 11వ శతాబ్ది వాడని పలువురి అభిప్రాయం. దానికి మూలం 9వ శతాబ్దిలో జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం. అంత గొప్ప గ్రంథంలోనూ సంఖ్యను సున్నతో భాగిస్తే మారదన్న పొరపాటు ఉంది. దానిని పిల్లలకు దాచకండి. తప్పును చూపగలిగినప్పుడే అది చరిత్ర అవుతుంది, లేకపోతే పొగడ్తగా మిగులుతుంది.

4. తరగతిలో

ముందుగా పేర్లు, తేదీలు చెప్పకండి. ఒక డబ్బాను కుంచమనుకొని బియ్యం కొలిపించండి. ఫలితాన్ని గీతలతో రాయించి, తరువాత దశాంశంలోకి మార్పించండి. 5/16 కాలూ వీసమై రెండు గీతల్లో ముగుస్తుంది, దశాంశంలో 0.3125 అవుతుంది. ఏది ఎప్పుడు సులువో పిల్లలే చర్చిస్తారు.

ఆపై ఇళ్ళలోని పెద్దలను అడిగి పాత కొలతల పేర్లు రాసుకురమ్మనండి. దీనిని వాయిదా వేయకండి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేల ప్రాణాలతోపాటు ఇళ్ళూ, ఇళ్ళలోని కాగితాలూ పోయాయి. ఇక మిగిలినవి పెద్దల జ్ఞాపకాలే. అవీ ఏటేటా తరిగిపోతున్నాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రెండు కుంచాల మూడు మానికల ధాన్యం తూములో ఎన్నో వంతు? దానిని పాత గుర్తులతో రాయండి.