దూరవైద్యంలో నమ్మకం: తెలుగు రాష్ట్రాల చరిత్ర

రోగి, వైద్యుడు ఒకచోట లేకుండా ఫోన్, వీడియో, ఉపగ్రహం లేదా ఇంటర్నెట్ ద్వారా జరిగే వైద్యమే దూరవైద్యం. అందులో రోగి తన ఒంటి సంగతి దాచుకోకుండా చెప్పి, ఇచ్చిన సలహా పాటించేంతగా అవతలి వైద్యుణ్ణి నమ్మడం ఈ వ్యాస విషయం. తెలుగునాట దీనికి పాతికేళ్ల చరిత్ర ఉంది. దాన్ని చాలామంది యంత్రాల చరిత్రగానే చెబుతారు: ముందు ఉపగ్రహం, ఆపైన కాల్‌సెంటర్, ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్. జరిగినవి వరుసగా చూస్తే మరో సంగతి తేలుతుంది. తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నదాని కన్నా, రోగి పక్కన ఎవరున్నారు, చికిత్స వికటిస్తే ఎవరు జవాబు చెబుతారు అన్నవే నమ్మకాన్ని నిలబెట్టాయి.

చిత్తూరు జిల్లా అరగొండ, అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. అక్కడి ఆసుపత్రిని ఇస్రో ఉపగ్రహ సాయంతో నగరంలోని స్పెషలిస్టులతో కలిపే కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఆ వార్తలో అందరి కళ్లూ ఉపగ్రహం మీదే పడ్డాయి. రోగి వైపు మాత్రం మామూలు ఆసుపత్రి, అందులో మనుషులు ఉన్నారు. నాడి చూసే చేయి ఊళ్లోనే ఉంది, నగరం నుంచి వచ్చింది రెండో అభిప్రాయం. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఇదే పద్ధతిని ఇంకా కింది స్థాయికి తీసుకెళ్లింది. దాని విజన్ సెంటర్లలో పనిచేసేది చుట్టుపక్కల ఊళ్ల నుంచే ఎంపికై, ఏడాది శిక్షణ పొందిన యువతీయువకులు. రోగి గడ్డాన్ని స్లిట్ ల్యాంప్ ఆనుపు మీద పెట్టించి, కదలొద్దని తెలుగులో చెప్పి, కంటి ఫోటో తీసి, అనుమానం ఉంటే పైకి పంపేది వాళ్లే. శుక్లం ముదిరిన అవ్వ నమ్మేది ఎదురుగా కూర్చున్న ఆ పిల్లనే. బంజారాహిల్స్‌లోని ఆ సంస్థ ప్రధాన ఆసుపత్రి డాక్టరు మీద గురి ఆ పిల్ల ద్వారానే కుదురుతుంది.

పక్కన ఎవరూ లేకుండా గొంతు మాత్రమే పనిచేసిన సందర్భం లేదా అని అడగొచ్చు. ఉంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలైన హైదరాబాద్‌లోనే 2007లో 104 ఆరోగ్య సలహా కేంద్రం వచ్చింది. నిర్ణీత ప్రశ్నల వరుసతో శిక్షణ పొందిన సిబ్బంది, వారి వెనుక వైద్యులు పగలూ రాత్రీ ఫోన్ ఎత్తేవారు. అయితే అది ప్రధానంగా సలహా ఇచ్చే సేవ. గుండెపోటు అనుమానిస్తే 108కి మళ్లించే వీలుంది, పల్లెలకు 104 వాహనాలూ తిరిగాయి. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్ సంస్థ కుంభకోణం బయటపడి, ఆ సంస్థ వెనకా ఈ సేవల వెనకా ఉన్న ఒకే కుటుంబం మీద నమ్మకం పోయినా 104 ఆగిపోలేదు. ఎవరు పెట్టారన్నది జనానికి ముఖ్యం కాలేదు. పిలిస్తే పలుకుతుందా అన్నదే చూశారు.

జవాబుదారీతనం విషయంలో చట్టం చాలాకాలం వెనకబడి ఉంది. 2018లో బాంబే హైకోర్టు, రోగిని చూడకుండా ఫోన్‌లో మందులు చెప్పిన కేసులో వైద్యులకు ముందస్తు బెయిల్ నిరాకరించడంతో దేశమంతటా డాక్టర్లు జంకారు. రోగికే కాదు, వైద్యుడికీ భరోసా కావాలని అప్పుడు తేలింది. 2020 మార్చి 25న, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఇరువైపులా ఎవరో తెలియాలి. మందుల చీటీ మీద వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొన్ని మందులకు మొదటిసారి వీడియో తప్పనిసరి. కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులు రాయకూడదు. ఫోన్‌లో కుదరదనిపిస్తే నేరుగా రమ్మనే అధికారం వైద్యుడిదే. చూడ్డానికి చిన్న నిబంధనలే. కానీ పట్టా లేకుండా వైద్యం చేసే ఊరి ఆర్‌ఎంపీ అర్ధరాత్రి తలుపు తట్టినా వస్తాడు, రేపు బజార్లో ఎదురుపడతాడు. తెరలో కనిపించి మాయమయ్యే డాక్టరుకు ఆ చిరునామా ఇచ్చింది ఈ నిబంధనలే.

2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాలను నిపుణులతో కలిపే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవను ఆంధ్రప్రదేశ్ తన దగ్గర మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరికి దేశంలో సంప్రదింపులు 10 కోట్లు దాటగా, అందులో సుమారు 3 కోట్ల 17 లక్షలు ఆ రాష్ట్రానివే. మొత్తంలో అత్యధిక భాగం రోగి ఇంటి నుంచి చేసినవి కావు, కేంద్రంలో ఆరోగ్య సిబ్బంది పక్కన కూర్చుని చేయించినవి. అంకెలే నమ్మకానికి కొలత కావన్న ఆక్షేపణ సబబైనదే. లక్ష్యం కోసం నమోదైన సంప్రదింపూ లెక్కలోకి వస్తుంది. అదే రోగి మళ్లీ వచ్చాడా, మందు పూర్తిగా వాడాడా అన్నది లెక్కిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. తెలిసిన మనిషి పక్కనుంటే కొన్ని సంగతులు నోటికి రావు. గర్భస్రావం, సుఖవ్యాధి, ఆత్మహత్య ఆలోచన గురించి సొంతూరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ముందు ఎవరు చెప్పగలరు? 2022 అక్టోబరు 10న దేశమంతటా మొదలైన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి-మానస్ 14416 నంబరుకు ముఖం కనబడకపోవడమే బలం. కాబట్టి పక్కన మనిషి ఉండాలన్న సూత్రం మనసుకూ మానానికీ సంబంధించిన బాధలకు వర్తించదు. అక్కడ గోప్యతే నమ్మకం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆచరణలో ఎంత గట్టిగా నిలుస్తుందన్నదాని మీదే అది ఆధారపడుతుంది.

హైటెక్ సిటీలో ఆఫీసు నుంచే యాప్‌లో డాక్టరుతో మాట్లాడే ఉద్యోగికి మధ్యవర్తి అక్కర్లేదు కదా అంటారు. అతనికి పెద్ద ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉంది, బీమా ఉంది. తెర విఫలమైతే నేరుగా వెళ్తాడు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని బాలానగర్ సంగతి వేరు. ఒకప్పుడు ఐడీపీఎల్ దేశానికి మందులు చేసిన చోటు అది.  చుట్టూ లేత్ మిషన్ల షెడ్లు. అక్కడి కార్మికుడికి ఆసుపత్రి దూరం కాదు, పోయే పూట కూలీ దూరం. అతనికి ఫోన్ వైద్యం నిజంగా పనికొస్తుంది, బస్తీ దవాఖానాలో తనను గుర్తుపట్టే నర్సు ఆ ఫోన్‌కు తోడుంటే. ప్రభుత్వాలు కొత్త యాప్ కన్నా ముందు ఆ నర్సు పోస్టు నింపాలి. పాఠకులు కూడా తెర మీది డాక్టరును పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. తగ్గకపోతే ఎక్కడికి రావాలో అడిగి రాసుకోవాలి.