పేద నిందితుడికి న్యాయవాది: అమెరికా రాజ్యాంగ ఆరో సవరణ పరిధి, పరిమితులు

1791లో అమలులోకి వచ్చిన అమెరికా రాజ్యాంగ ఆరో సవరణ, క్రిమినల్ కేసుల్లో నిందితుడికి న్యాయవాది సహాయం పొందే హక్కు ఇచ్చింది. ఆ న్యాయవాదికి ఫీజు ఎవరు చెల్లించాలో మాత్రం చెప్పలేదు. ఇంగ్లండులో 1836 వరకు తీవ్ర నేరాల విచారణలో నిందితుడి తరఫున వకీలు పూర్తిస్థాయిలో వాదించే వీలు లేదు. ఆ నిషేధం అమెరికాలో ఉండకూడదన్నదే సవరణ తొలి ఉద్దేశం. పైగా అది మొదట్లో ఫెడరల్ కోర్టులకే వర్తించేది. క్రిమినల్ కేసుల్లో అత్యధికం నడిచేది రాష్ట్రాల కోర్టుల్లో.

ఈ పరిస్థితిని కదిలించింది అలబామాలోని స్కాట్స్‌బరో కేసు. 1931లో గూడ్సు రైలులో ఇద్దరు శ్వేతజాతి స్త్రీలపై అత్యాచారం చేశారన్న ఆరోపణపై తొమ్మిది మంది నల్లజాతి యువకులను పట్టుకున్నారు. అరెస్టయిన సుమారు రెండు వారాల్లోనే విచారణ ముగిసి ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. విచారణ మొదలయ్యే రోజు ఉదయం దాకా వారి బాధ్యత ఏ వకీలుకూ స్పష్టంగా అప్పగించలేదు. 1932లో పావెల్ కేసులో సుప్రీంకోర్టు తన ముందుకు వచ్చిన శిక్షలను రద్దు చేసింది. అయితే ఆధారం ఆరో సవరణ కాదు, రాష్ట్రాలు న్యాయమైన ప్రక్రియ పాటించాలనే పద్నాలుగో సవరణ. తీర్పు కూడా మరణశిక్ష పడగల కేసులకే, అందులోనూ తమను తాము సమర్థించుకోలేని నిందితులకే పరిమితమైంది. 1942లో బెట్స్ కేసులో కోర్టు ఒక అడుగు వెనక్కి వేసింది: ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప రాష్ట్రాలు వకీలును ఇవ్వనక్కరలేదంది.

ఆ తీర్పును కొట్టివేయించిన క్లారెన్స్ గిడియన్‌పై ఆరోపణ చిన్నదే. 1961లో ఫ్లోరిడాలో ఒక పూల్ రూములో చొరబడి దొంగతనం చేశాడన్నారు. వకీలు కావాలంటే జడ్జి నిరాకరించాడు. తన కేసు తానే వాదించుకుని అయిదేళ్ల శిక్ష తెచ్చుకున్న అతను, జైలు నుంచి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. ఇరవై రెండు రాష్ట్రాలు అతని పక్షాన నిలవడం ఆ కేసులో అసలు విశేషం. 1963 మార్చి 18న కోర్టు ఏకగ్రీవంగా అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. ప్రధాన తీర్పు రాసిన హ్యూగో బ్లాక్, బెట్స్ కేసులో భిన్నాభిప్రాయం వెలిబుచ్చిన న్యాయమూర్తే. పునర్విచారణలో వకీలు అండతో గిడియన్ నిర్దోషిగా బయటపడ్డాడు.

హక్కు విస్తరణ జైలు గేటు దగ్గర ఆగింది. 1972 నాటి ఆర్జర్‌సింగర్ తీర్పు చిన్న నేరాలకైనా జైలుశిక్ష వేయాలంటే వకీలు ఉండాలంది. 1979లో స్కాట్ తీర్పు, జరిమానాతో సరిపెట్టిన కేసుకు ఆ అవసరం లేదంది.

వకీలు ఉంటే చాలదు, పనిచేయాలి. 1984 నాటి స్ట్రిక్‌లాండ్ తీర్పు ప్రకారం వకీలు పనితీరు లోపభూయిష్టమని, ఆ లోపం లేకుంటే ఫలితం మారే సహేతుకమైన అవకాశం ఉండేదని నిందితుడే చూపాలి. రెండో షరతు నెగ్గడం కష్టం. సాక్ష్యం బలంగా ఉందని కోర్టు భావిస్తే వకీలు తప్పిదం లెక్కలోకి రాదు. పని భారంతో సతమతమయ్యే పబ్లిక్ డిఫెండర్ల (ప్రభుత్వ ఖర్చుతో పేదల తరఫున వాదించే వకీళ్ల) వ్యవస్థకు ఇది పెద్ద వెసులుబాటు.

పైగా విచారణ దాకా వచ్చే కేసులే తక్కువ. రాష్ట్రాల కోర్టుల్లో సుమారు 94 శాతం, ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం శిక్షలకు ఆధారం నేరాంగీకారమేనని 2012లో ఫ్రై కేసులో సుప్రీంకోర్టే గుర్తించి, నేరాంగీకార బేరసారాల దశకూ హక్కును వర్తింపజేసింది. అంతకు రెండేళ్ల ముందు పడిల్లా కేసులో, నేరం ఒప్పుకుంటే దేశ బహిష్కరణ ముప్పు ఉంటుందని పౌరసత్వం లేని కక్షిదారుకు వకీలు చెప్పి తీరాలంది. వీసాపై ఉన్న తెలుగువారికీ ఈ రక్షణ వర్తిస్తుంది. బహిష్కరణ విచారణను మాత్రం చట్టం సివిల్ వ్యవహారంగానే చూస్తుంది కనుక, అక్కడ ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే హక్కు ఆరో సవరణ కింద లేదు.