దివిసీమ ఉప్పెనలు

కృష్ణానది పాయలకును సముద్రమునకును నడుమనున్నది దివిసీమ. ఒండ్రుతో నేర్పడిన పల్లపు నేల యగుటచే అచట పంట సమృద్ధి. ముప్పునకును ఆ పల్లమే మూలము. తీరమున సముద్రపు లోతు తక్కువ. తుపానుగాలి తరిమిన నీరు క్రిందుగా వెనుకకు మరలజాలక, ఎత్తుగా లేచి ఊళ్లమీదికి పొరలును. దీనినే తీరవాసులు ఉప్పెన యందురు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును, పరిసరములను ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. మరల 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడినది. సొర్లగొంది వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు సుమారు 10,000. రెంటికిని నడుమ 113 సంవత్సరములు. మొదటిదానిని కన్నులార చూచి, రెండవనాడు హెచ్చరింపగల పెద్దలు ఒక్కరును మిగులలేదు.

1990 మే నెలలో అంతటి ప్రచండమైన తుపానే కృష్ణాముఖమున తీరము దాటినది. 1977 నాటి దుఃఖము జనులకింకను గుర్తున్నది. హెచ్చరిక వినగనే లక్షన్నరకు పైగా జనమును ముందే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచినది.

ఉప్పెన మరల వచ్చుటకు ఒక జీవితకాలము మించి పట్టవచ్చును. అందుచే చూచినవారు చెప్పిన మాటలను వ్రాసియుంచి, చూడనివారిచే చదివించుట తీరగ్రామములకు కరకట్టవలెనే అవసరము.