మార్వెల్‌ని వదిలేసి వెళ్ళిన ఏడుగురు

ఈ రోజు ఎపిసోడ్ ఒక చెక్కుతో మొదలుపెడతాను. 1938 మార్చి 1న రాసిన చెక్కు, మొత్తం 412 డాలర్లు. అందులో ఒక వరుసలో సూపర్‌మ్యాన్ అని రాసి, ఎదురుగా 130 డాలర్లు అని ఉంటుంది. 13 పేజీల కథ, పేజీకి 10 డాలర్లు. ఆ 130 డాలర్లకి కథ ఒక్కటే కాదు, పాత్ర మీద హక్కులన్నీ పబ్లిషర్‌కి వెళ్ళిపోయాయి. రాసింది జెర్రీ సీగెల్, గీసింది జో షూస్టర్. ఇద్దరికీ అప్పుడు 23 ఏళ్ళు. చెక్కు మీద ఇద్దరి ఇంటిపేర్లూ తప్పుగానే రాశారు! 2012లో ఆ కాగితాన్ని వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది.

ఆ తర్వాత ఏమైందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సూపర్‌మ్యాన్ కోట్లు సంపాదించాడు, సీగెల్ గుమస్తా ఉద్యోగం చేసుకున్నాడు, షూస్టర్‌కి చూపు దాదాపు పోయింది. 1975లో, సూపర్‌మ్యాన్ సినిమా రాబోతోందనగా, నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి ఆర్టిస్టులు పత్రికల్లో గొడవ చేస్తేనే వార్నర్ కంపెనీ దిగొచ్చింది. ఇద్దరికీ ఏటా చెరో 20,000 డాలర్లు ఇస్తామని, పేర్లు వేస్తామని ఒప్పుకుంది. హక్కులు మాత్రం వెనక్కి రాలేదు.

దీని వెనకున్న పద్ధతి పేరు ‘వర్క్ ఫర్ హైర్’. అంటే డబ్బు తీసుకుని చేసిన పని, కాబట్టి చట్టం దృష్టిలో దాన్ని సృష్టించింది చేసినవాడు కాదు, చేయించుకున్న కంపెనీ. ఇది మనకేమీ కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన రోజు హెచ్‌ఆర్ మన ముందు పెట్టే కాగితాల్లో, ఇక్కడ నువ్వు రాసే కోడ్ అంతా కంపెనీదే అని ఒక పేరా ఉంటుంది. నేనూ చదవకుండానే సంతకం పెట్టాను. కాకపోతే మనం రాసే కోడ్ మీద పిల్లలకి టీషర్టులు, బొమ్మలు, సినిమాలు రావు. కామిక్స్‌లో వస్తాయి. పైగా ఒకప్పుడు మార్వెల్ ఈ షరతుని పారితోషికం చెక్కు వెనకాల ముద్ర కొట్టేది. చెక్కు మార్చుకోవాలంటే సంతకం పెట్టాలి. సంతకం పెడితే షరతు ఒప్పుకున్నట్టే.

జాక్ కర్బీ పేరు వినే ఉంటారు. స్టాన్ లీతో కలిసి ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, ఎక్స్-మెన్ సృష్టించినవాడు. 1980ల్లో మార్వెల్ పాత ఒరిజినల్ బొమ్మల్ని ఆర్టిస్టులకి వాపసు ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళకి ఒక పేజీ ఒప్పంద పత్రం పంపి, కర్బీకి మాత్రం నాలుగు పేజీలది పంపింది. ఎందుకంటే అతను హక్కులు అడుగుతాడేమోనని భయం. ఏళ్ళ తరబడి గొడవ నడిచాక 1987లో సుమారు రెండు వేల పేజీలు ఇచ్చారు. అతను వాళ్ళకి గీసింది పది వేల పేజీలకి పైనే ఉంటుందని అంచనా.

ఇప్పుడు అసలు కథ. 1990లో టాడ్ మెక్‌ఫార్లేన్ కొత్త స్పైడర్-మ్యాన్ మొదటి సంచిక దాదాపు 25 లక్షల కాపీలు పోయింది. 1991లో రాబ్ లైఫెల్డ్ ఎక్స్-ఫోర్స్ మొదటి సంచిక దాన్ని దాటేసింది. అదే ఏడాది జిమ్ లీ గీసిన ఎక్స్-మెన్ మొదటి సంచిక ఏకంగా 81 లక్షలు, అది గిన్నిస్ రికార్డు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇవి షాపులవాళ్ళు ఆర్డర్ చేసిన లెక్కలు. ఐదు కవర్లతో వేసి, ఒక్కొక్కరి చేత ఐదేసి కాపీలు కొనిపించారు. అంతమంది చదివారని అనుకోకండి.

అయినా ఆ ముగ్గురికీ రాయల్టీలు బాగానే వచ్చాయి. సీగెల్‌లాగా పేదరికం కాదు వాళ్ళ సమస్య. తాము గీసిన బొమ్మ తమకి చెప్పకుండానే టీషర్టు మీదకి ఎక్కుతోంది. కొత్త పాత్ర పుట్టిస్తే అది కంపెనీ ఖాతాలోకి పోతోంది. ముసలితనంలో బొమ్మల కోసం పోట్లాడిన కర్బీ వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాడు. 1991 డిసెంబర్‌లో ముగ్గురూ న్యూయార్క్‌లో మార్వెల్ ప్రెసిడెంట్ టెర్రీ స్టూవర్ట్‌ని కలిసి, మేం వెళ్ళిపోతున్నాం అని చెప్పేశారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆ తర్వాత ప్రత్యర్థి డీసీ ఆఫీసుకి కూడా వెళ్ళి, మీ దగ్గరా చెయ్యం అని చెప్పి వచ్చారు. అక్కడివాళ్ళు వీళ్ళు చేరడానికి వచ్చారనే అనుకుని ఉంటారు పాపం.

వాళ్ళతో ఎరిక్ లార్సెన్, మార్క్ సిల్వెస్ట్రి, జిమ్ వాలెంటినో, విల్స్ పోర్టాసియో కలిశారు. మొత్తం ఏడుగురు. 1992లో పెట్టిన కంపెనీ పేరు ఇమేజ్ కామిక్స్. దాని నియమాలు రెండే. ఇమేజ్‌కి తన పేరు, లోగో తప్ప ఇంకేదీ సొంతం కాదు. ఒకరి పుస్తకంలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. మెక్‌ఫార్లేన్ స్పాన్ మొదటి సంచిక ఆ మే నెలలో 17 లక్షల కాపీలు పోయింది. స్పైడర్-మ్యాన్ లేకుండా, మార్వెల్ లేకుండా!

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా కథ అవుతుంది. కానీ ఎడిటర్ తలనొప్పి వదిలింది కదా, దాంతోపాటు గడువు కూడా వదిలింది. పుస్తకాలు నెలల తరబడి ఆలస్యం. అమెరికాలో కామిక్ షాపులు ముందే ఆర్డర్ ఇవ్వాలి, మిగిలిన కాపీలు వాపసు ఇవ్వడానికి లేదు. 1993లో వాలియంట్ అనే కంపెనీతో కలిసి వేసిన డెత్‌మేట్ వచ్చేసరికి జనం ఎదురుచూడ్డం మానేశారు. సరుకు షాపుల్లోనే ఉండిపోయింది. స్వేచ్ఛ ఆర్టిస్టులది, నష్టం చిన్న షాపువాడిది. ఈ ఒక్క విషయంలో వాళ్ళని సమర్థించడం నా వల్ల కాదు.

ఇంకోటి. నెలకి ఇన్ని పుస్తకాలు తేవాలంటే ఒక్కడి చెయ్యి చాలదు. అందుకని స్టూడియోలు పెట్టారు, కుర్ర ఆర్టిస్టుల్ని తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది పనిచేసింది వర్క్ ఫర్ హైర్ కిందే. ఏ షరతు నచ్చక బయటికొచ్చారో, దాన్నే ఇంకొకరి ముందు పెట్టారు.

ఇది కోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. స్పాన్ రచన బాగోలేదని విమర్శలొస్తే మెక్‌ఫార్లేన్ పెద్ద రచయితల్ని పిలిచాడు. 1993లో వచ్చిన 9వ సంచిక నీల్ గైమన్ రాశాడు. అందులో ఏంజెలా, కాగ్లియోస్ట్రో, మధ్యయుగపు స్పాన్ అని మూడు కొత్త పాత్రలు పుట్టాయి. ఒప్పందం నోటిమాట. పెద్ద కంపెనీల కన్నా నిన్ను బాగా చూసుకుంటాను అన్నాడు, అంతే. తర్వాత ఆ పాత్రల మీద బొమ్మలు, విడి పుస్తకాలు వచ్చాయి. వాటా అడిగితే, ఒక దశలో మెక్‌ఫార్లేన్ లాయర్ ఇచ్చిన జవాబు ఏంటో తెలుసా? నువ్వు చేసింది వర్క్ ఫర్ హైర్, హక్కులన్నీ మావే అని.

2002లో విస్కాన్సిన్ జ్యూరీ గైమన్ వైపు తీర్పిచ్చింది. 2004లో అప్పీల్ కోర్టులో జడ్జి రిచర్డ్ పోస్నర్ దాన్ని ఖాయం చేశాడు. రాతలో ఒప్పందం లేనప్పుడు బయటి రచయిత పనిని వర్క్ ఫర్ హైర్ అనలేం. పైగా కామిక్ పాత్ర అంటే రచయిత మాట, ఆర్టిస్టు గీత కలిస్తేనే పూర్తవుతుంది, కాబట్టి ఇద్దరూ యజమానులే. 1938లో ఈ మాట అనేవాళ్ళుంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది.

మిగతావాళ్ళ సంగతి. లైఫెల్డ్ భాగస్వాములతో గొడవపడి 1996లో ఇమేజ్ నుంచి వెళ్ళిపోయాడు. అదే ఏడాది మార్వెల్ తన నాలుగు పుస్తకాల్ని లైఫెల్డ్, జిమ్ లీ స్టూడియోలకే కాంట్రాక్టుకిచ్చింది. జిమ్ లీ తన వైల్డ్‌స్టార్మ్‌ని డీసీకి అమ్మేశాడు, 1999 నుంచి అది వాళ్ళది. వ్యాపారం కన్నా గీయడం మీద దృష్టి పెట్టాలని అన్నాడు. దాన్ని చాలామంది లొంగిపోవడం అంటారు, నేను అనను. హష్ అనే బ్యాట్‌మ్యాన్ కథలో ఆ పేజీలు చూడండి, మనిషి హాయిగా గీశాడని తెలుస్తుంది. తర్వాత అతనే డీసీ ప్రెసిడెంట్ అయ్యాడు.

ఇమేజ్ ఇప్పటికీ ఉంది. మొదట్లో పుస్తకానికి నికరంగా ఒక ఫీజు తీసుకుని, హక్కులన్నీ సృష్టికర్తకే వదిలేసే పద్ధతితోనే నిలబడింది. వాకింగ్ డెడ్ అక్కడి నుంచే వచ్చింది. కానీ మార్వెల్, డీసీలాగా పేజీకింత అని ముందే డబ్బు రాదు. పుస్తకం అమ్ముడై చెక్కు వచ్చేదాకా ఇంటి అద్దె మీరే చూసుకోవాలి. రచయిత అయితే ఆర్టిస్టుకి, రంగులేసేవాడికి, అక్షరాలు రాసేవాడికి జేబులోంచే ఇచ్చుకోవాలి. మార్వెల్ తీసుకున్న హక్కులకి బదులుగా ఇచ్చింది ఈ నెలవారీ భరోసానే. అది చిన్నదేం కాదు, ఈఎంఐ కట్టేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మెక్‌ఫార్లేన్ స్పాన్‌ని వదల్లేదు. 2019లో 301వ సంచికతో, సృష్టికర్త సొంతమైన సూపర్‌హీరో కామిక్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నడిచినదిగా గిన్నిస్‌లోకి ఎక్కింది.

ఏంజెలా ఏమైందంటారా? 2012లో గైమన్, మెక్‌ఫార్లేన్ రాజీపడ్డారు, ఆ పాత్ర గైమన్‌కి వచ్చింది. 2013లో అతను దాన్ని మార్వెల్‌కి ఇచ్చాడు. మార్వెల్‌ని కాదని బయటికొచ్చినవాళ్ళ పుస్తకంలో పుట్టిన ఏంజెలా, ఇప్పుడు మార్వెల్ కథల్లో థోర్‌కి అక్క.